దాసు ఊపిరి పీల్చుకునే జాగా

1986 జూన్ 9

పోయినేటి డైరీ ఇది. సిమెంటు కొట్టాయన ఊరికే ఇస్తే తెచ్చి అటక మీద పడేశాను. ఒక్క పేజీ రాయలేదు. పైన 1985 అని అచ్చు. పెన్నుతో కొట్టేసి 86 వేసుకుంటున్నాను. తేదీలు సరిపోతాయి, వారాలు ఒక రోజు వెనక. ఫర్వాలేదు, నేనూ అట్లాగే ఉన్నాను.

ఖాదర్ నుంచి కార్డు. నాలుగే ముక్కలు — ఇంకో క్యాసెట్టు చేద్దాం, దాసు చెల్లెలు కరుణ పాడతానంటోంది, డ్రమ్ములు నువ్వే, ఆదివారం నంద్యాలకు రా.

దాసు పోయి పది నెలలు. పాడేవాడు పోయాక ఇంక బ్యాండు ఏమిటి. కార్డు చించబోయి ఆగాను. ఎవరికైనా చెప్పాలనిపించింది, ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఈ డైరీ దించాను.

జూన్ 10

జవాబు రాయలేదు.

జూన్ 12

పొద్దుటి నుంచి వినాయకుడి తొండం చెక్కుతున్నాను. మోచేతి దాకా నొప్పి. నాయన ఒక్క మాట మాట్లాడడు, ఉలి చప్పుడు ఆగితే మాత్రం తలెత్తి చూస్తాడు.

షెడ్డు వెనక దాసు రాయి. సమాధి మీదికి. వాళ్ళమ్మ ఎస్తేరమ్మ పోయిన సెప్టెంబరులోనే అడిగింది, వేరే ఎవరూ వద్దు, నువ్వే చెక్కాల నాయనా అని. ఊ అన్నాను. నల్లరాయి ఎంచి తెచ్చి, అద్దంలా నున్నగా రుద్ది పెట్టాను. అంతే. పేరు కూడా చెక్కలేదు. కోళ్ళు ఎక్కి కూర్చుంటున్నాయి.

నాయన ఇవాళ అన్నాడు — "దేవుని బొమ్మకైతే కండ్లు తెరిసేదానికి ముహూర్తం జూడాల. దానికి కండ్లే లేవు గదా. ఇంగేంది ఆలస్యం?"

జవాబు నా దగ్గర ఉంది. మళ్ళీ తొండం దగ్గర కూర్చున్నాను.

జూన్ 15

పోయాను. పోకుండా ఉండలేక పోయాను.

ఆళ్ళగడ్డ నుంచి గంటంపావు. బస్సు శిరివెళ్ళ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంటాను. దాసు ఎక్కిన లారీ బోల్తా పడింది అక్కడి మలుపులోనే. ఇవాళా మూసుకున్నాను. పక్క సీటు ముసలాయన నాకు నిద్ర వచ్చిందనుకుని, భుజం మీద తల పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. ఏం చెప్పను ఆయనకు.

ఖాదర్ కొట్టు మారలేదు. అన్నీ విప్పి పెట్టిన రేడియోలు, ఒక్కటి కూడా తిరిగి బిగించినట్టు కనపడదు. గిటారు తీగ పాత రేడియోలో గుచ్చితే అదే మా స్పీకరు. వెనక రేకుల కొట్టంలో నా డ్రమ్ములు. దుమ్ము తుడిచి పెట్టాడు. అది చూసి కోపం వచ్చింది. నేను వస్తానని వాడికి అంత నమ్మకం ఏమిటి.

ఐదేళ్ళ కిందట ఇదే కొట్లో మొదలైంది. ఖాదర్ మేనమామ కొడుకు బెంగళూరు నుంచి ఒక క్యాసెట్టు తెచ్చాడు, మీద పెన్సిలుతో పంక్ అని రాసి ఉంది. తెల్లపిల్లగాళ్ళు అరుస్తున్నారు. పాట రెండు నిమిషాలు. వాయించడం రాదు, పాడటం రాదు, కోపం మాత్రం బాగా వచ్చు. దాసు మిల్లులో మూటలు దించి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా ఊక. రెండు పాటలు విన్నాడు. "మనకు గూడా ఏమీ రాదు గదప్పా. మనమూ జేయొచ్చు," అన్నాడు.

చేశాం. పేరు కంకర. 84లో క్యాసెట్టు కూడా వేశాం. బస్టాండు దగ్గర కొన్న ఒకాయన టేపు చెడిపోయిందని తెచ్చి వాపసు ఇచ్చాడు. కొట్టాయన కూడా విని, నిజమే అనుకుని, దాన్ని తీసుకుని భక్తి పాటల క్యాసెట్టు ఇచ్చి పంపాడు. దాసు ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు.

జూన్ 22

మొదటి ప్రాక్టీసు. కరుణ చర్చి నుంచి నేరుగా వచ్చింది, తెల్లచీర, చేతిలో పాటల పుస్తకం. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. గొంతు శుభ్రంగా ఉంది, అదే ఇబ్బంది. 'ఊక' మిల్లు యజమానులను తిట్టే పాట, ఆమె పాడితే ప్రార్థనలా వినపడింది.

ఖాదర్ గిటారు ఆపి, పాడొద్దు, తిట్టు అన్నాడు. ఎవర్ని అంది. ఎవర్నైనా తిట్టమన్నాడు. ఆమె కొంచెం ఆలోచించి నా వైపు తిరిగింది. ఎదురుగా ఉన్నది నేనే కదా, అందుకే అయ్యుండాలి. తిట్టింది. రేకులు అదిరాయి.

తర్వాత జరిగింది రాయాలి.

రెండో చరణం అవగానే నేను ఆగాను. ఖాదర్ కూడా ఆగాడు. నాలుగు దెబ్బల ఖాళీ. ఎవరూ చెప్పుకోలేదు. దాసుకు మిల్లు దుమ్ముతో దగ్గు ఉండేది, రెండు చరణాలయితే ఊపిరి అందేది కాదు. వాడు దగ్గి, ఊపిరి పీల్చుకుని వచ్చేదాకా మేం నాలుగు దెబ్బలు ఊరికే ఉండేవాళ్ళం. అన్ని పాటల్లోనూ. అదే అలవాటు. మా చేతులకు వాడు పోయిన సంగతి తెలియలేదు.

కరుణకు ఆ దగ్గు తెలుసు. మా ఇద్దర్నీ చూసి గోడ వైపు తిరిగి నిలబడింది. ఖాదర్ టీ తెస్తానని పోయి అరగంట రాలేదు.

జూన్ 23

చెయ్యి నొప్పి. నిద్ర లేదు. తొండం సగంలో ఉంది.

జూన్ 29

ఇవాళ పోలేదు. బంధువులు వచ్చారని చెప్పి పంపాను. ఎవరూ రాలేదు.

రాయకుండా ఎన్నాళ్ళు. రాసేస్తాను.

పోయినేడు శ్రావణం. మా పక్క ఊళ్ళో పెళ్ళి. పెళ్ళికొడుకు మేనమామ నాయనకు విగ్రహం ఆర్డరు ఇచ్చిన మనిషి, నేనే మాట్లాడి కంకరను పిలిపించాను. సినిమా పాటలు వాయించాలి, భోజనాలయ్యేదాకా. అదీ ఒప్పందం. నాలుగు పాటలు బుద్ధిగా పాడాడు దాసు. ఐదోది 'ఊక' ఎత్తుకున్నాడు. మిల్లు యజమానులు పది మంది పంక్తిలో కూర్చుని తింటున్నారు, వాళ్ళ ముందర. మేనమామ వచ్చి తీగ పీకేశాడు. నాయన పేరు ఎత్తి నన్ను తిట్టాడు. విగ్రహం ఆర్డరు అక్కడితో సరి.

ఖాదర్ లోపల తీగలు చుడుతున్నాడు. రోడ్డు మీద నేనూ దాసూ. మిట్టమధ్యాహ్నం. నేను ఏమేమో అన్నాను. వాడు నవ్వుతున్నాడు, దాంతో ఇంకా మండింది. ఆఖరికి అన్నాను — "నువ్వు లేకపోయినా నడుస్తాది. పో."

నవ్వు ఆపాడు. వడ్ల లారీ వస్తుంటే చెయ్యి ఎత్తాడు. మూటల మీదికి ఎక్కాడు. లారీ కదిలాక చెయ్యి పైకి లేపాడు — నాకు ఊపాడో, తాడు పట్టుకోవడానికి ఎత్తాడో, ఇప్పటికీ తెలియదు. గంట తర్వాత శిరివెళ్ళ మలుపు.

ఆ మాట వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నాకొక్కడికే.

ఈ క్యాసెట్టు బాగా వస్తే ఆ మాట నిజమవుతుంది. అదీ నా బాధ. ఖాదర్‌కు చెప్పలేను.

జూలై 6

బాగా వస్తోంది. దరిద్రం.

కరుణ గొంతులో గరుకు వచ్చేసింది. 'కరెంటు లేదు' పాట దాసు కంటే బాగా పాడింది, నిజం. వాడు అరిచేవాడు, ఈమె అరిచి మధ్యలో ఒక్కసారి మెల్లగా అంటుంది, అదే ఎక్కువ గుచ్చుకుంటోంది.

నేను కావాలనే తాళం జారవిడిచాను. రెండుసార్లు. మూడు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, ఉలి మీద సుత్తి పడే వరస, నిద్రలో లేపినా తప్పని వరస. దాన్ని తప్పించడానికి ఎంత కష్టపడ్డానో. ఖాదర్ నా వైపు చూసి, చెయ్యి నొప్పా అని అడిగాడు. అవునన్నాను. జండూబాము తెచ్చి రాశాడు, పిచ్చోడు. రాస్తున్నంతసేపూ సిగ్గుతో చచ్చాను.

జూలై 13

కరుణ ఒక సంచి తెచ్చింది. దాసు రాసుకున్న కాగితాలు. అన్నీ మిల్లు చీటీలు, వెనక వైపు పెన్సిలుతో పాటలు. చాలావరకు మేం వాయించినవే. ఒకటి కొత్తది. 'బెల్టు' అని పేరు, మిల్లు మిషను తిప్పేది. పెళ్ళికి ముందు వారం ఒకసారి కూనిరాగం తీశాడు, గుర్తుంది.

బెల్టు తిరుగుతాది, బెల్టు తిరుగుతాది
మాయమ్మ జల్లెడ పడతాది
దుమ్ము తింటాది, దగ్గు తాగుతాది
పొద్దుగూకితే ఇంటికొస్తాది

బెల్టు తిరుగుతాది, బెల్టు తిరుగుతాది
నా వీపున మూట నవ్వుతాది
నేను పడితే ఇంగోడొస్తాడు
మూటకు వీపే గావాల్సింది

తర్వాత ఖాళీ. మూడో ముక్క లేదు. చీటీలో జాగా ఉంది, రాయలేదు.

మేం వాయించి చూశాం. రెండు చరణాలు, తర్వాత అలవాటు ప్రకారం నాలుగు దెబ్బల ఖాళీ, తర్వాత... ఏమీ లేదు. మెట్టు లేని చోట కాలు పెట్టినట్టయింది. ఇది లేకుండా క్యాసెట్టు వద్దు అంది కరుణ. మూడో చరణం నువ్వే రాయమన్నాడు ఖాదర్ ఆమెను. ఆమె చీటీ మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

జూలై 17

వినాయకుడు అయిపోయాడు, కళ్ళు తప్ప. మేం కళ్ళు ఆఖరున చేస్తాం. అన్ని పనులూ అయి, బొమ్మ పోయే చోటికి పోయాక. నాయన చేస్తాడు అవి, నా చేతికి ఇంకా ఇవ్వలేదు. ముప్పై రెండేళ్ళు నాకు.

జూలై 20

రికార్డింగు. నంద్యాలలో ఫోటో స్టూడియో మేడ మీద గది, గోడలకు గోనెసంచులు. రెండు టేప్‌రికార్డర్లు. ముందు గిటారూ డ్రమ్ములూ ఒక టేపు మీద ఎక్కించుకుంటారు. తర్వాత ఆ టేపు మోగుతుంటే కరుణ పక్కన నిలబడి పాడాలి. రెండూ కలిసి ఇంకో టేపులోకి పోతాయి. నా పని పొద్దున్నే అయిపోయింది. ఉక్కపోత. ఫ్యాను వేస్తే టేపులో వినపడుతుందని ఆపేశారు.

ఇవాళ తాళం తప్పలేదు. తప్పిద్దామనుకునే పోయాను. టేపు తిరుగుతుంటే చేతులు నా మాట వినలేదు.

మూడు పాటలు. తిప్పి విన్నాం. మధ్యలో ఆ ఖాళీలు. కొట్టంలో అంత తెలియలేదు, టేపులో బాగా తెలుస్తోంది. స్టూడియో ఆయన, ఏందప్పా, ఈడ పాట చచ్చిపోయింది, కోసి అతికిస్తాను అన్నాడు. ఖాదర్ కూడా తల ఊపాడు. కరుణ మాత్రం — "ఉండనీ. ఆ జాగా మాయన్నది."

ఎవరూ కోయలేదు. బాగుంది టేపు. బస్సులో నేను కూనిరాగం తీస్తున్నాను... శిరివెళ్ళ వచ్చేసరికి తెలిసింది ఏం చేస్తున్నానో.

జూలై 27

పోలేదు. జ్వరం అని కబురు పంపాను. సాయంత్రం షెడ్డులో పని చేస్తుంటే నాయన చూశాడు. జ్వరమంటివి, ఉలి పట్టినావే అన్నాడు. ఉలికి జ్వరం లేదన్నాను. పోకిరి జవాబు. నాయన ముఖం చూసి నొచ్చుకున్నాను.

'బెల్టు' ఒక్కటే మిగిలింది. నేను పోకపోతే అది అవదు. అవకపోతే క్యాసెట్టు లేదు. నేను అన్న మాట అబద్ధం అవుతుంది. ఇంత హాయి మాట ఇంకొకటి లేదు, ఇంత నీచమైనదీ లేదు.

జూలై 30

కరుణ వచ్చింది. స్కూలుకు సెలవు పెట్టి, ఒక్కతే, బస్సులో. షెడ్డు ముందు గొడుగు మడుస్తూ నిలబడింది. నాయన లేచి స్టూలు వేశాడు, కూర్చోలేదు. రాయి యాడుందన్నా అంది. వెనక్కు తీసుకుపోయాను. కోళ్ళు లేచిపోయాయి. ఆమె కొంగుతో రెట్ట తుడిచింది.

"పేరు గూడా చెక్కలే. పాటకు రావు. ఏందన్నా నీ బాధ?"

చెప్పాను. పెళ్ళి, తీగ పీకడం, రోడ్డు, అంతా. గబగబా చెప్పాను, ఆ మాట దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పమంది. ఏ మాట అన్నానో ఆ మాటే. చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బస్టాండు దాకా నడిచాం. బస్సు అరగంట లేటు. బెంచీ మీద ఆ చివర ఆమె, ఈ చివర నేను. బస్సు వచ్చాక లేచి చెప్పింది —

"ఇంటికొచ్చింటే మాయన్న నాతో చెప్పింటాడు. నిన్ను బాగా తిట్టింటాడు. అన్నం దిని మర్చిపోయింటాడు. ఇంటికి రాలే, అంతే."

ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, ఆదివారం రా అంది. నేను తల ఊపాను.

ఆగస్టు 1

చెప్పాక తేలికవుతుందని అంటారు. ఏమీ కాలేదు.

ఆగస్టు 3

'బెల్టు'. పొద్దున గిటారూ డ్రమ్ములూ ఎక్కించాం. రెండు చరణాలు, నాలుగు దెబ్బల ఖాళీ, తర్వాత ఇంకో చరణానికి వాయిద్యం. మూడో చరణం ఏమిటని ఖాదర్ అడిగితే, ఉండాది, వాయించండి అంది కరుణ.

ఇక నాకు పనిలేదు. చేతులు కట్టుకుని గోనెసంచి గోడకు ఆనుకున్నాను. టేపు తిరిగింది. ఆమె పాడింది. వాళ్ళమ్మ చరణం, వాళ్ళన్న చరణం. నాలుగు దెబ్బల ఖాళీ వచ్చింది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చింది, మైకులో పడేటట్టు. అప్పుడు —

నువ్వు లేకపోయినా నడుస్తాది
నువ్వు లేకపోయినా నడుస్తాది

నాలుగుసార్లు. మొదటిది తిట్టు. రెండోది ఇంకా పెద్ద తిట్టు. మూడోది మామూలుగా, పక్కింటావిడతో చెప్పినట్టు. నాలుగోది దాదాపు వినపడలేదు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఖాదర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. వాడికేమీ తెలియదు. యాడ పట్టినావమ్మా ఈ మాట అంటున్నాడు. నేను మెట్లు దిగి వీధిలోకి పోయాను.

కాసేపటికి వచ్చింది. ఎందుకు పెట్టినావని అడిగాను. గొంతు పైకి లేచింది, వీధిలో వాళ్ళు చూశారు.

"మాయన్నతో ఎవురైనా అనిన ఆఖరి మాట అది. నీ ఒక్కని కాడే పెట్టుకుంటే ఎట్లన్నా? మాదీ గదా."

టీ తాగుతావా అన్నాను. తాగుతానంది. ఇద్దరం తాగాం.

ఆగస్టు 10

క్యాసెట్టు అయింది. అట్ట మీద ఖాదర్ రబ్బరుస్టాంపుతో 'కంకర — రెండు' అని గుద్దాడు, సగం అట్టల మీద వంకర. కొట్లో పెద్ద స్పీకరుకు పెట్టి మొదటి నుంచి చివరి దాకా విన్నాం. రోడ్డు మీద పోయే కాలేజీ పిల్లలు ఆగారు. ఇద్దరు అడిగి కొనుక్కున్నారు.

బాగుంది. మొదటిదానికంటే బాగుంది. రాయకుండా ఉండలేను — సంతోషంగా ఉంది. సంతోషపడుతున్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తోంది. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏదీ పోవడం లేదు.

నడిచింది దాసూ. నువ్వు లేకపోయినా.

ఆగస్టు 14

ఎస్తేరమ్మ రమ్మంటే నంద్యాల పోయాను. మిల్లు నుంచి అప్పుడే వచ్చింది, వెంట్రుకల్లో తవుడు. పొయ్యి ముట్టిస్తూ మాట్లాడింది. కరుణ వాకిట్లో నోటుపుస్తకాలు దిద్దుతోంది.

ఇరవై మూడుకు ఏడాది. చర్చి వాళ్ళంతా వస్తారు, సమాధి దగ్గర కూడిక. ఆ పొద్దుకు రాయి కావాలి. ఇన్నాళ్ళు చెక్కనందుకు ఏమీ అనలేదు. పేరూ తేదీలూ, కింద ఏ బైబిలు వాక్యం పెట్టాలో చర్చి అయ్యగారిని అడగమన్నాను.

"వాక్యం అయ్యగారు సదువుతాడులే. రాయి మీద నేను జెప్పింది పెట్టు. క్యాసెట్టులో ఉండాదే, నువ్వు లేకపోయినా నడుస్తాది అని. అది పెట్టు."

పెద్దమ్మా, అది సమాధి మీద రాసే మాట కాదు అన్నాను, ఎట్లాగో.

"ఏడాదిగా అందరూ అయ్యో అనినోళ్ళే నాయనా. ఇంటికొచ్చి ఏడ్సి పోతారు. నేను మర్సటి వారమే మిల్లుకు పోతి. అన్నం దింటి. పొయ్యి ముట్టిస్తి. నడుస్తానే ఉండాది, సిగ్గులేకుండా. ఆ మాట నాతో ఎవురూ అనలే. నా కొడుకే అన్యాడు. తాను పోయేది ముందే తెలిసినట్టు రాసి పెట్టినాడు సూడు, వాళ్ళమ్మ కోసరం."

కొడుకు రాశాడనుకుంటోంది. చీటీలోదే అనుకుంటోంది.

కరుణ వైపు చూశాను. ఎర్రపెన్ను ఆగింది. నన్ను చూసింది. తల దించుకుని మళ్ళీ దిద్దడం మొదలుపెట్టింది.

సరే పెద్దమ్మా అన్నాను. ఇంకేమంటాను. అన్నం పెట్టింది, తిన్నాను.

ఆగస్టు 17

ఆదివారం. పేరు చెక్కాను. ప్రభుదాసు. పుట్టిన తేదీ. పోయిన తేదీ. పదకొండు నెలలు ఎందుకు చెయ్యలేకపోయానో, మూడు గంటల్లో అయిపోయింది. ఒక్క దెబ్బ తప్పలేదు. అదే భయంగా ఉంది.

ఆగస్టు 20

కరుణ కార్డు. 'చెప్తే నువ్వే చెప్పన్నా. నేను చెప్పను. నువ్వు చెప్పకపోయినా నిన్నేమీ అనుకోను. అమ్మ రోజూ ఆ పాట పెట్టించుకుంటాంది. మిల్లులో ఆడోళ్ళకు గూడా వినిపిచ్చింది, నా కొడుకు మాట అని.'

చెప్తే ఆమెకు కొడుకు చివరి మాట పోతుంది. చెప్పకపోతే నేను తిట్టిన తిట్టు వాడి పేరు కింద వాడి మాటగా ఉండిపోతుంది. రాయి మీద. నా చేత్తో. వానకూ ఎండకూ చెరిగేది కాదు, నేను చెక్కితే.

పొద్దంతా పని చేయలేదు.

ఆగస్టు 22

కావి రంగు కలిపి, వరస తప్పకుండా దారం గుంజి, రాయి మీద అక్షరాలు గీశాను. ఎర్రగా, నల్లరాయి మీద. మేం మొదట ఇట్లాగే గీసుకుంటాం. గీసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఉలి దెబ్బ పడిందంటే ఇంక దేవుడొచ్చినా పోదు.

నాయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చదివాడు. రెండుసార్లు చదివాడు. ఎవురి మాట ఇది అన్నాడు.

నాది, అన్నాను. వాడు పోయేముందు నేను అనింది.

నాయన కళ్ళజోడు తీశాడు. తర్వాత లోపలికి పోయి తన సన్న ఉలి తెచ్చాడు. విగ్రహాలకు కళ్ళు తెరిచేది, ఎవర్నీ ముట్టుకోనివ్వనిది. నా పక్కన పెట్టి, భోజనానికి పోయాడు.

మొదటి రెండు మాటలు చెక్కాను. నువ్వు. లేకపోయినా. పొద్దు వాలేదాకా పట్టింది. మూడోది మొదలుపెట్టలేకపోయాను.

ఆగస్టు 23

ఈ పేజీలో 1985 కొట్టెయ్యలేదు.

పొద్దున ఎనిమిదికి టెంపో వచ్చింది. రాయి ఎక్కించి, కింద గడ్డి పరిచాం. ఉలీ సుత్తీ సంచిలో వేసుకున్నాను. నాయన వాకిలి దాకా వచ్చాడు, నా భుజం మీద రాతిపొడి దులిపాడు. ఆ పని ఎప్పుడూ చేయడు.

వెనక, రాయి పక్కనే కూర్చుని రాస్తున్నాను. గతుకులు. అక్షరాలు ఎగురుతున్నాయి.

'నడుస్తాది' ఇంకా కావిలోనే ఉంది. అక్కడ, ఎస్తేరమ్మ ముందర చెక్కాలి. ముందు చెప్పి తర్వాత చెక్కాలా. చెక్కి ఊరుకోవాలా. చెప్తే తుడవమంటుందా, చెక్కమంటుందా...

శిరివెళ్ళ దాటాం. కళ్ళు మూసుకోలేదు. మలుపు చిన్నదే. ఒక తుమ్మచెట్టు, ఒక కల్వర్టు.

చినుకులు మొదలయ్యాయి. ఒకటి కావి మీద పడింది, ఎర్రగా జారింది. వాన గట్టిగా పడితే మాట దానంతటదే పోతుంది. చెప్పాల్సిన పనీ ఉండదు, చెక్కాల్సిన పనీ ఉండదు.

ఎడమ చెయ్యి ఆ మాటకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.